లెక్కల యింటికి కావలి



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము పేరునుబట్టి క్రొత్తదిగా తోచును. డేటాబేసు సర్వరు అను యంత్రములో భద్రపరచిన లెక్కలను చూడవచ్చినవాడెవడో పోల్చుకొనుట ఎట్లు? వానిని లోనికి విడుచుటకు నియమములు ఎట్లు వ్రాయవలెను? ఇదియే ఆ విషయము. ఇది ఇంజనీర్ల గొడవ, తాడిపత్రి ప్రాంతమున వేరుసెనగ పండించుకొనువారికి దీనితో నేమి పని యని మీరు తలపవచ్చును. కాని మీ పొలము సర్వే నెంబరు, దాని విస్తీర్ణము, దానిపై మీకుగల హక్కు, మీరు బ్యాంకులో తెచ్చిన అప్పు, మీకు రావలసిన బియ్యము, పింఛను ఇవన్నియు నేడు అట్టి యంత్రములలో వ్రాయబడియున్నవి. వాన రాని యేట మన సీమ రైతునకు మిగులునది భూమిపై హక్కొక్కటే. కనుక ఆ హక్కు వ్రాసియున్న యంత్రపు వాకిట కావలి ఎట్లున్నదో తెలిసికొనుట మన పనియే యగును.

పూర్వపు పద్ధతిని ఒక్కమారు జ్ఞాపకము చేసికొందము. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసిన పిమ్మట, 1807 వరకు తామస్ మన్రో ఇచ్చట ముఖ్య కలెక్టరుగా నుండి, పొలములను కొలిపించి, రైతువారీ పద్ధతికి దారి వేసెను. ఆనాటను, అంతకు ముందును, ఊరి లెక్క కరణము చేతిలోనే యుండెను. కవిలెలును అడంగళ్లును ఆయన యింటి పెట్టెలో నుండెడివి. చూడగోరినవాడు ఆయన అరుగు వద్దకు పోవలసినదే. ఊరివారందరి ముఖములును, వారి తాతముత్తాతల పేర్లును ఆయనకు కంఠస్థము. పరాయివాడు వచ్చి నేను ఫలానావాని కుమారుడనని చెప్పినచో ఆ మాట అరుగు దిగకముందే తేలిపోయెడిది. ఇక్కడ కావలి యనగా ముఖపరిచయమే.

ఆ పద్ధతి నిర్దోషమైనదని నేననను. తలుపు కాచువాడును లెక్క వ్రాయువాడును ఒక్కడే యైనపుడు వాని వ్రాతను చూచువాడెవడు? అందులకే యేటేట జమాబంది యుండెడిది. పైయధికారి వచ్చి లెక్కలు సరిచూచెడివాడు. ఈ జమాబంది మాటను మీరు మనస్సున నుంచుకొనుడు. మరల దానితో పని పడును.

1984 జనవరిలో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయ్యెను. 1998లో కార్డు అను పథకముతో రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చెను. 2015లో మీభూమి అను వెబ్‌సైటు ఏర్పడి, అడంగలును 1-బియును ఇంటి వద్దనుండియే చూచుకొను వీలు కలిగెను. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వెలసెను. ఇట్లు లెక్క పెట్టెలోనుండి యంత్రములోనికి పోయినది. ముఖపరిచయము మాత్రము దానివెంట పోలేదు. యంత్రము ఎవరిని ఎరుగదు. పెద్దిరెడ్డి వచ్చినను, పెద్దిరెడ్డి పేరు చెప్పుకొని మరియొకడు వచ్చినను దానికొక్కటే. ఎరుగుటకు మారుగా మనము దానికి నియమములు వ్రాసి యీయవలెను.

సర్వరనగా నేమి? అడిగినవారికి లెక్క చెప్పుటకై రేయింబవళ్లు మేలుకొనియుండు ఒక కంప్యూటరు. అది ఎక్కడనో యుండును. దానిని అడుగవచ్చు యంత్రమును క్లయింటు అందురు. వకీళ్లు తమ కక్షిదారును గూడ ఆ పేరనే పిలుతురు గాని, ఇక్కడ దాని యర్థము అడుగవచ్చినవాడని మాత్రమే. తహశీలుదారు కార్యాలయపు యంత్రము ఒక క్లయింటు, సచివాలయపు యంత్రము మరియొకటి, బ్యాంకువారిది వేరొకటి. వీరందరును తీగలవెంట ఒక్కసారి వచ్చి తలుపు తట్టుచుందురు.

ఆ తలుపు నియమములు ఎట్లుండునో పోస్ట్‌గ్రెస్ అను ప్రోగ్రామును ఉదాహరణముగా గైకొని చెప్పెదను. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకరు అను పండితుని నాయకత్వమున దీని మూలరూపము పుట్టెను. నేడు ఇది వెల లేకుండ లోకమునకెల్ల దొరకుచున్నది. ఇతర ప్రోగ్రాములలో వ్రాత వేరుగా నుండవచ్చును గాని ధర్మమొక్కటే. ఇందులో తలుపు నియమములకై ఒక చిన్న ఫైలు గలదు. దానిలో ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క నియమము. ప్రతి పంక్తియు ఐదు ప్రశ్నలకు సమాధానము చెప్పును: వచ్చువాడు ఏ దారిన రావలెను, ఏ పుస్తకము చూడవచ్చును, ఏ పేరున రావలెను, ఎక్కడినుండి రావలెను, తానే యని ఎట్లు రుజువు చేసికొనవలెను.

మొదటిది దారి. తీగవెంట పోవు మాటను పోస్టుకార్డువలె విడిగా పంపవచ్చును. అంటించిన లకోటావలె రహస్యలిపిలో చుట్టి పంపవచ్చును. పోస్టుకార్డును దారిలోనివారందరు చదువగలరు. బయటినుండి వచ్చువారు లకోటా దారిననే రావలెనని వ్రాయుట మేలు.

రెండవది పుస్తకము, మూడవది పేరు. భూమి లెక్కలు చూడవలసినవానికి పింఛనుల పుస్తకముతో నేమి పని? ఆ పేరునకు ఆ పుస్తకమే వ్రాయవలెను. అందరికి అన్నియు అని వ్రాయుట సులభమే గాని, సులభమైన వ్రాత అన్ని వేళలను సురక్షితమైన వ్రాత కాదు.

నాలుగవది చోటు. దీనిని మీరు దస్తావేజులోని చెక్కుబందివలె భావింపవలెను. ప్రతి యంత్రమునకును అంకెలతో కూడిన చిరునామా యుండును. దాని ప్రక్కన గీటు గీసి 32 అని వ్రాసినచో ఆ యొక్క యంత్రము మాత్రమే యని యర్థము. 24 అని వ్రాసినచో 256 చిరునామాలు. అన్నియు సున్నలు పెట్టి గీటు ప్రక్కన సున్న వ్రాసినచో ప్రపంచములోని ప్రతి యంత్రమును ఆ చెక్కుబందిలోనికి వచ్చును. అంకె యొక్కటి మారినంత మాత్రమున ఒక మడి కాస్త భూగోళమంత యగుచున్నది. దస్తావేజు వ్రాయించునపుడు తూర్పునకు ఎవరి పొలము, దక్షిణమునకు ఏ వంక యని పదిమారులు అడుగు పెద్దలకు ఈ గీటు విలువ నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పంక్తుల వరుసయందు ఒక ముఖ్యమైన మర్మము గలదు. సర్వరు పైనుండి క్రిందికి చదువును. వచ్చినవానికి సరిపడు మొదటి పంక్తి ఏదో దానితోనే తీర్పు. అక్కడ వాడు రుజువు చూపలేకపోయినచో మరియొక పంక్తికి పోనీయదు. ఏ పంక్తియు సరిపడనిచో తలుపు తెరువదు. కళ్లము కాయుటకు ఒక కూలివానిని పెట్టినారనుకొనుడు. వాడు మహా విధేయుడు, కాని మొదట విన్న మాటనే పట్టుకొనును. మీరు మొదట ఎవరు వచ్చినను రానిమ్ము అని చెప్పి, తరువాత ఫలానావానిని మాత్రము రానీయకుము అన్నచో, ఆ ఫలానావాడు వచ్చినపుడు మొదటి మాట ప్రకారము వానికి గూడ దారి యిచ్చును. కనుక విశేష నియమములు పైనను, సామాన్య నియమములు క్రిందను ఉండవలెను. మంచి పనివాడు చిట్టచివర, పైవానిలో చేరనివారెవరైనను తిరస్కరింపబడుదురని స్పష్టముగా వ్రాయును. వ్రాయకున్నను ఫలితమదియే గాని, చదువువానికి సందేహము మిగులకుండుట మంచిది.

ఇంకొక సంగతి. ఫైలులో వ్రాసినంత మాత్రమున నియమము అమలులోనికి రాదు. తలారి దండోరా వేయువరకు ఊరికి క్రొత్త కట్టడి తెలియనట్లే, మరల చదువుమని చెప్పువరకు సర్వరు పాత నియమమునే పాటించును. చదివిన తరువాతగూడ క్రొత్తగా వచ్చువారికే అది వర్తించును. అప్పటికే లోపలనున్నవాడు లోపలనే యుండును. వానిని వేరుగా సాగనంపవలెను. తలుపు తాళము మార్చి, ఇంటిలో కూర్చున్నవానిని మరచినచో లాభమేమి?

ఇక ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, రుజువు. రుజువు పద్ధతులలో ట్రస్టు అనునదొకటి గలదు. పేరు చూడగా చక్కనిది, నమ్మకమని యర్థము. దాని పని యేమనగా, వచ్చినవాడు ఏ పేరు చెప్పినను ఏమియు నడుగక నమ్ముట. పనివాడు తన బల్లమీది యంత్రమున ప్రయోగము చేసికొనునపుడు దీనిని వాడుకొనవచ్చును. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, పని తొందరలో తాత్కాలికముగా అని దీనిని వ్రాయుదురు, పని జరిగిపోవును, పంక్తి మిగిలిపోవును. మన దేశమున తాత్కాలికమను మాటకు ఆయుర్దాయము ఎంతయో మీకు తెలియనిది కాదు.

దీని ఫలితము లోకము చూచినది. 2017 జనవరిలో మోంగోడిబి అను మరియొక డేటాబేసు ప్రోగ్రామును నడుపు సర్వర్లు అనేక దేశములలో కొల్లగొట్టబడెను. తాళము పగులగొట్టుట ఏమియు లేదు. పాస్‌వర్డు పెట్టక, లోకమంతటికి తలుపు తెరచి యుంచినవానిని వెదకి, లెక్కలు తుడిచివేసి, తిరిగి కావలెనన్నచో డబ్బు చెల్లింపుడని చీటి వ్రాసి పెట్టిరి. అట్లు పోయిన డేటాబేసులు పదివేలకు మించి యుండెను. అంత దూరమేల? 2018 ఏప్రిలులో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటున లక్షకు పైబడిన లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు ఎల్లరకు కనబడుచుండినట్లు పత్రికలలో వెల్లడియైనది. ఇల్లు కావలెనని దరఖాస్తు పెట్టుకొన్న పేదవాని వివరములు వాకిట ఆరబోసిన గింజలవలె నుండెను.

పాస్‌వర్డు అడుగుటలోగూడ తరతమములున్నవి. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు పంపుమనుట హీనము. దారిలో విన్నవాడు రేపు తానే వచ్చి చెప్పును. ఎం.డి.ఐదు అను పాత పద్ధతి కొంత మెరుగు. కాని దాని కాలము చెల్లినది. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18వ కూర్పులో దానిని ఇక విడువవలసినదిగా ప్రకటించిరి. 2017లో 10వ కూర్పుతో స్క్రామ్ అను పద్ధతి ప్రవేశించెను. 2021లో 14వ కూర్పునుండి క్రొత్త పాస్‌వర్డులన్నియు మరియొక విధముగా చెప్పకున్న ఆ పద్ధతిననే దాచబడుచున్నవి.

దీని కిటుకు ఇట్టిది. పశువుల సంతలో దళారులు తువ్వాలు క్రింద చేతులు పెట్టి, వ్రేళ్లు పట్టి ధర చెప్పుకొనుట మీరు చూచినదే. చుట్టునున్నవారు బేరము జరుగుట చూతురు గాని ధర ఎరుగరు. అట్లే స్క్రామ్‌లో పాస్‌వర్డు తీగవెంట పోనే పోదు. క్లయింటును సర్వరును వచ్చిన ప్రతిమారును క్రొత్త అంకెలను ఎన్నుకొందురు. క్లయింటు తన రహస్యమును ఆ అంకెలతో కలిపి లెక్క కట్టి జవాబు మాత్రము పంపును. ఆ జవాబును విన్నవానికి రేపు అది పనికిరాదు. రేపటి అంకెలు వేరు. సర్వరుగూడ పాస్‌వర్డును దాచుకొనదు. దానిని ఉప్పు అను పేరుగల మరియొక అంకెతో కలిపి, మామూలుగా 4096 మారులు తిరుగవేసి వచ్చిన ఫలితమునుండి పుట్టించిన గుర్తును మాత్రమే యుంచుకొనును. ఇంతేకాక, చివరకు సర్వరును తాను నిజమైన సర్వరేనని క్లయింటునకు రుజువు చూపవలెను. వచ్చినవాడు నిజమైనవాడై యుండుట ఎంత యవసరమో, తలుపు నిజమైన తలుపై యుండుటయు అంతే యవసరము. బ్యాంకు పేర ఫోను చేసి ఓ.టి.పి. అడుగువానికి మోసపోయినవారు ఈ రెండవ మాట విలువ ఎరుగుదురు.

ఇన్ని చిక్కులు ఎందులకు, వేలిముద్ర చాలదా యని కొందరందురు. ఆధునిక కాలపు వేలిముద్ర వాడుక మన దేశముననే మొదలైనదని చెప్పవచ్చును. 1858లో బెంగాలునందు విలియం హెర్షెల్ అను అధికారి ఒక ఒప్పందపు కాగితముపై గుత్తదారుని చేతిముద్ర వేయించెను. 1897లో కలకత్తాయందు వేలిముద్రల కార్యాలయము వెలసెను. రిజిస్ట్రారు ఎదుట మనము వేయు బొటనవ్రేలి ముద్ర ఆ పరంపరలోనిదే. అది సాక్ష్యమునకు గొప్ప సాధనము. కాని సాక్ష్యము వేరు, తాళపుచెవి వేరు.

2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారమున సిమ్ములు అమ్ముకొను ఒకడు పట్టుబడెను. పోలీసువారు ప్రకటించిన దాని ప్రకారము, వాడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి భూమి దస్తావేజులను దింపుకొని, వానిపైనున్న వేలిముద్రలకు రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో అచ్చులు తీసి, ఆ అచ్చులను యంత్రముపై నొక్కి, వేలకొలది సిమ్ములను ఇతరుల పేర చెల్లుబాటు చేయించెను. పొలము అమ్మిన రైతు తన హక్కు రుజువుకై వేసిన ముద్రయే పరుల చేతిలో తాళపుచెవి యైనది. రహస్యము పొక్కినచో పాస్‌వర్డు మార్చుకొందుము, వ్రేలు మార్చుకొనగలమా? ఎల్లరకు కనబడునది తాళపుచెవిగా పనికిరాదు. వేలిముద్రలకు తాళము వేసికొను సౌకర్యమును ఆధారు సంస్థవారు కల్పించియున్నారు. దానిని వాడుకొనుట మంచిది.

దీనికి రెండవ ప్రక్క గూడ చూడవలెను. తాడిపత్రి బండలు కోసి నునుపు చేయు పనివాని వ్రేళ్లు, ఏండ్ల తరబడి పార పట్టిన ముదుసలి వ్రేళ్లు, యంత్రమునకు చిక్కవు. రేఖలు అరిగిపోవును. రేషను దుకాణమున మూడు మారులు నొక్కి, మూడు మారులు కాదనిపించుకొని వట్టి సంచితో తిరిగివచ్చు వృద్ధురాలు అబద్ధమాడుట లేదు. ఆమె బ్రదుకంత పని చేసినదని ఆ వ్రేలే సాక్ష్యము. దొంగను లోనికి విడిచిన కావలి ఎంత చెడ్డదో, హక్కుగలవానిని బయట నిలిపిన కావలియు అంత చెడ్డదే. అందుచేత మన రాష్ట్రమున వేలిముద్ర పడనివారికి వి.ఆర్.ఓ. తన ముద్ర వేసి, తన బాధ్యతపై సరకు ఇప్పించు ఏర్పాటు చేసిరి. ఇది కరణము నాటి ముఖపరిచయమునకు మరల తలుపు తెరచుటయే. కాని ఈసారి ఎరుగుదునని చెప్పినవాని పేరుగూడ లెక్కలో పడును. నియమములో మినహాయింపు ఉండవలెను. మినహాయింపు ఇచ్చినవాని పేరును ఉండవలెను.

పేరు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఒక కార్యాలయమున, దాని పేరు చెప్పను, యంత్రము ప్రక్కన గోడమీద పాస్‌వర్డు కాగితమున వ్రాసి అంటించి యుండగా నేను చూచితిని. నలుగురు గుమాస్తాలకును ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. ఏమయ్యా యిది యనగా, ఒకరు సెలవు పెట్టినను పని ఆగకుండుటకండీ యనిరి. పని ఆగదు, నిజమే. కాని రేపు ఒక సర్వే నెంబరు ప్రక్కన పేరు మారినచో నలుగురిలో మార్చినదెవరు? సర్వరు తన దినచర్యలో ఆ ఒక్క పేరే వ్రాసికొనియుండును. ఎవరి పేరున వారు, ఎవరి తాళపుచెవితో వారు వచ్చినపుడే ఆ దినచర్యకు విలువ. పాత జమాబంది చేయు పనిని నేడు ఆ దినచర్య చేయవలెను.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున నిప్పంటుకొని దస్త్రములు కాలిపోయినవి. కాగితము కాలినచో పొగ వచ్చును, మసి మిగులును, జనము గుమిగూడుదురు. యంత్రములో ఒక పేరు మారినచో పొగ రాదు, మసి రాదు. మనము పోయి చూచినపుడే తెలియును.

కనుక పెద్దలకు నా మనవి యిది. ఏటేట విత్తనమునకు ముందు ఒక్కమారు మీభూమిలో మీ 1-బిని, అడంగలును చూచుకొనుడు. చదువుకొన్న మనుమని చేత చూపించుకొని, ఒక ప్రతి తీయించి భద్రము చేయుడు. ఇది మీ యింటి జమాబంది. ఓ.టి.పి.ని, పాస్‌వర్డును బిడ్డకైనను అవసరము లేనిదే చెప్పకుడు. మార్పు కనబడినచో ఎవరు, ఎప్పుడు, ఏ కాగితము ఆధారముగా మార్చిరని వ్రాతమూలకముగా అడుగుడు. మీ ఊరి కార్యాలయమున గోడమీద పాస్‌వర్డు కనబడినచో మొగమాటపడక తీయుమని చెప్పుడు. వ్రేలు పడలేదని ఎవరినైనను వెనుకకు పంపుచుండగా చూచినచో వేరు మార్గము చూపుమని నిలబడి అడుగుడు. సర్వరు నియమములు వ్రాయువాడు ఎక్కడనో కూర్చుండును. వాని పంక్తులు మనకు కనబడవు. అడుగువారు ఉన్నారని తెలిసినచో వాడు జాగ్రత్తగా వ్రాయును.